దారిలోదే కదా, చూసేసి వద్దాం

(కార్తీకం వెళ్ళిన తర్వాతి వారం కోనసీమలోని ఒక ఊరి గ్రంథాలయంలో, అర్థశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరర్ ఒకరు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఆయన మాటల్లోనే ఉంచాం.)

అందరికీ నమస్కారమండి. వెనకవాళ్ళకి వినపడుతోందా? సరే.

ముందు ఒక చిన్న పని పెడతాను. ఇవాళ ఈ ఊరికి నా మాటలు వినడానికే, ఇంకే పనీ పెట్టుకోకుండా వచ్చినవాళ్ళు చెయ్యెత్తండి. మొహమాటపడకండి. ఒకటి, రెండు, మూడు. ఆ మూడో ఆయన మా బావగారు, ఆయన్ని లెక్కలోంచి తీసెయ్యండి. అంటే ఇద్దరు. మరి మిగతావాళ్ళు? మీరేమ్మా? బ్యాంకులో పని. మీరు? చెల్లెలి ఇంటికొచ్చి, అటునుంచటు ఇలా వచ్చారు. కోటిపల్లి నుంచి పంటు మీద గోదారి దాటి వచ్చిన మాస్టారు, మీరో? కళ్ళజోడు ఫ్రేము విరిగితే బాగుకిచ్చి వచ్చారు. చూశారా! ఇప్పుడు మాస్టారు పంటుకీ ఆటోకీ ఇచ్చిన డబ్బులున్నాయే, అవి నా ప్రసంగం మీద పెట్టిన ఖర్చా, కళ్ళజోడు మీద పెట్టిన ఖర్చా?

నవ్వుకోడానికి అడగలేదండి. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. మనం ఒక్క చోటికి వెళ్ళి రావడం తక్కువ. ఐనవిల్లి వెళ్తే, ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా అని ముక్తేశ్వరం. ద్రాక్షారామం వెళ్తే, పక్కనే కదా అని కోటిపల్లి. అంతర్వేది వెళ్తే, గుడి చూశాక సముద్రం దగ్గరికి వెళ్ళకుండా ఎవరైనా వస్తారా? "దారిలోదే కదా, చూసేసి వద్దాం" అనే మాట ప్రతి ఇంట్లో వినపడేదే. ఆ మాట వెనక ఎంత లెక్కుందో, ఆ లెక్క అర్థశాస్త్రాన్ని ఎంత తిప్పలు పెట్టిందో చెబుతాను.

అసలు ఒక చోటు విలువ ఎంత అని ఎలా తెలుస్తుంది? కిలో వంకాయల విలువ సంతలో తెలుస్తుంది. సముద్రపు ఒడ్డుకి టికెట్టు లేదు, గోదారి గట్టుకి టికెట్టు లేదు. టికెట్టు లేదంటే విలువ లేదనా? 1947లో అమెరికాలో నేషనల్ పార్కుల వాళ్ళకి ఇదే సందేహం వచ్చింది. అప్పుడు హెరాల్డ్ హోటెలింగ్ అనే ఆర్థికవేత్త వాళ్ళకి ఒక ఉత్తరం రాశాడు. పార్కు చుట్టూ వలయాలు గీయండి, ఒక్కో వలయం నుంచి ఎంతమంది వస్తున్నారో, రావడానికి వాళ్ళకి ఎంత ఖర్చవుతోందో చూడండి, ఆ ప్రయాణం ఖర్చే పార్కు ధర అనుకోండి అన్నాడు. దగ్గరివాడికి చౌక, కాబట్టి పదిసార్లొస్తాడు. దూరంవాడికి ఖరీదు, ఒక్కసారొస్తాడు. మలికిపురం వాళ్ళు అంతర్వేదికి ఏడాదిలో ఎన్నిసార్లెళ్తారు, హైదరాబాద్ వాళ్ళు ఎన్నిసార్లొస్తారు? ఆ తేడాలోంచే విలువ లాగొచ్చన్నమాట. బలే ఆలోచనండి అది. తర్వాత మారియన్ క్లాసన్ అనే ఆయన దాన్ని చేతికందే పద్ధతిగా మలిచాడు. ఇప్పటికీ వాడుతున్నారు.

కానీ అందులో ఒక మెలిక ఉంది. హోటెలింగ్ గారి వలయాల్లోంచి వచ్చేవాడు నేరుగా పార్కుకొచ్చి, నేరుగా ఇంటికెళ్ళిపోతాడు. కళ్ళజోడు బాగుచేయించుకోడు, చెల్లెలింటికెళ్ళడు.

ఈ మెలిక కోనసీమలో చెప్పడం నాకు సులువు. కొబ్బరి దింపు తీయించారనుకోండి. చెట్టుకింతని కూలిచ్చారు, కాయ కిందికొచ్చింది. ఒలిస్తే డొక్క పీచు ఫ్యాక్టరీకి, కొబ్బరి ఒకచోటికి, చిప్ప ఇంకోచోటికి పోయాయి. మూడూ ఎంతో కొంత డబ్బు తెచ్చాయి. ఇప్పుడు చెప్పండి, దింపు కూలిలో డొక్క వాటా ఎంత? చిప్ప వాటా ఎంత? ఎవరూ చెప్పరేం? చెప్పలేరండి. ఎక్కినవాడు డొక్క కోసం ఒకసారి, కొబ్బరి కోసం ఒకసారి ఎక్కలేదు. ఒక్కసారే ఎక్కాడు. డొక్కల్ని ట్రాక్టరు మీద తోలించిన కిరాయి ఉంది చూశారూ, అది డొక్కలదే, అందులో అనుమానం లేదు. దింపు కూలి మాత్రం ఉమ్మడి ఖర్చు. ఉమ్మడి ఖర్చుని పంచడానికి పద్ధతులు ఎన్నైనా ఉన్నాయి. అవన్నీ మనం అనుకున్న పద్ధతులే. ఇదే నిజమైన వాటా అని ఏదీ లేదు.

ప్రయాణం కూడా అంతే. ఒక ఉదాహరణ అనుకుందాం, అంకెలు నావే. హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం వచ్చింది. బామ్మగారు, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. రైలు, కారు, బస అన్నీ కలిపి ఇరవై వేలయింది. గోదారి ఒడ్డున రిసార్టులున్న దిండిలో రెండు రోజులున్నారు, అంతర్వేదిలో ఒక పూట, తిరుగు దారిలో ద్రాక్షారామంలో రెండు గంటలు. ఇరవై వేలని మూడు చోట్లకీ పంచండి. ఉన్న గంటల్ని బట్టి పంచుదామా? అయితే దాదాపు అంతా దిండికే పోతుంది. కానీ బామ్మగారిని అడిగితే, "నరసింహస్వామి కోసం బయల్దేరాం నాయనా, దిండి మధ్యలో తగిలింది" అంటుంది. అంతర్వేది లేకపోతే వచ్చేవారా? రారు, బామ్మ కదలదు. దిండి లేకపోతే? అప్పుడూ రారు, పిల్లలు కదలరు. అంటే ఇరవై వేలూ అంతర్వేది వల్లే, ఇరవై వేలూ దిండి వల్లే! కూడితే నలభై. జేబులోంచి పోయింది మాత్రం ఇరవయ్యే. ఇక ద్రాక్షారామం? అది లేకపోయినా వచ్చేవాళ్ళే. దాని కోసం అదనంగా అయిన ఖర్చు కారు చుట్టు తిరిగినందుకు ఓ ఏడొందలు. అంటే భీమేశ్వరుడి విలువ ఏడొందలనా? మహాపరాధం.

ఇది ఉత్త పొడుపుకథ కాదండి. 1982లో హాస్పెల్, జాన్సన్ అని ఇద్దరు ఈ పొరపాటు వల్ల పార్కుల విలువలు ఎలా తారుమారవుతాయో చూపించారు. ఖర్చంతా ఒక్కచోటికే రాస్తే దాని విలువ ఉబ్బిపోతుంది. పోనీ నాలుగు చోట్లు తిరిగేవాళ్ళని లెక్కలోంచి తీసేద్దామంటే, దూరం నుంచి వచ్చేవాళ్ళంతా వాళ్ళే, అసలైన గిరాకీయే పోతుంది. 1992లో రాబర్ట్ మెండెల్సన్, ఇంకో ముగ్గురు కలిసి వేరే దారి చూపించారు. పంచడం మానేయండి, ఆ కలయికనే ఒక సరుకుగా చూడండి అన్నారు. దిండి ఒక్కటే అయితే ఒక సరుకు. దిండి, అంతర్వేది కలిస్తే ఇంకో సరుకు. మూడూ కలిస్తే మరో సరుకు. నాకు నచ్చిన మాటండి అది. కడియం వైపు పూలు కొంటాం కదా. యాత్రికుడు కొనేది మూరలెక్కన దండ. అందులో బంతికెంత, చామంతికెంత అని విడివిడిగా బేరమాడడు.

ఇప్పుడు దండలో పువ్వు పెరిగేకొద్దీ ఏమవుతుందో చూద్దాం. మా క్లాసులో తాపేశ్వరం కాజాతో చెప్పేవాణ్ణి. మొదటి కాజా అమృతం, రెండోది బావుంది, మూడోది మొహమాటానికి, నాలుగోది పిల్లాడికిచ్చేస్తాం. తినేకొద్దీ రుచి తగ్గుతుంది. ఊళ్ళు చూడటంలోనూ చాలావరకు అంతే. నాలుగో గుడి దగ్గరికొచ్చేసరికి పిల్లలు కారు దిగరు. మేం ఇక్కడే ఉంటాం, మీరెళ్ళి రండి అంటారు.

కానీ పంచారామాలు? అక్కడ కాజా లెక్క తిరగబడుతుంది. అమరావతి, భీమవరం గునుపూడి, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. నాలుగు చూసి ఐదోది వదిలేశాననండి, మన పెద్దవాళ్ళు ఏమంటారు? చూడనట్టే అంటారు. కథే అలాంటిది కదా. తారకాసురుడి కంఠంలోని లింగాన్ని కుమారస్వామి ఛేదిస్తే ఐదు ముక్కలై ఐదుచోట్ల పడింది. ఐదూ చూస్తేనే ఒకటి చూసినట్టు. కాబట్టి ఐదోదాని విలువ మిగతా నాలుగింటికంటే ఎక్కువ, ఎందుకంటే ఆ నాలుగింటి విలువా దాని చేతిలోనే ఉంది. ఐదింట్లో నాలుగు మన గోదారి వైపువి, అమరావతి ఒక్కటే కృష్ణ ఒడ్డున. కార్తీక సోమవారం ఐదూ ఒక్క రోజులోనే చూడాలని బయల్దేరుతారు కదా, ఆ ఒక్కదాని కోసమే ఆదివారం రాత్రి నిద్ర పాడవుతోంది, డీజిల్లో పెద్ద వాటా దానికే పోతోంది. అయినా ఎవరైనా దాన్ని మానేస్తున్నారా? విడిగా అయితే మన ఊరినుంచి ఏటా ఎంతమంది అమరావతి వెళ్తారు? దండలో ఉంది కాబట్టి వెళ్తున్నారు.

మా అక్క సంగతి చెప్పాలి. డెబ్భై దాటిందావిడకి. మొన్న కార్తీకంలో పన్నెండు మంది కలిసి ఒక వ్యాను మాట్లాడుకున్నారు. ఏ ట్రావెల్సో ఎందుకులెండి. ఆదివారం రాత్రి బయల్దేరారు. స్టీలు డబ్బాలో పులిహోర, అరటి దొప్పలు, ముందే నేతిలో నానబెట్టిన వత్తులు ఒక చిన్న సీసాలో. సోమవారం తెల్లారకుండా అమరావతి అయింది. భీమవరం, పాలకొల్లు కూడా బానే అయ్యాయి. పాలకొల్లు దాటాక డ్రైవరు వ్యాను ఒక హోటలు ముందు ఆపి కదల్లేదట, గంటన్నర. వాడికి అక్కడ భోజనం ఉచితం, మనిషికింతని కమీషను కూడా ఉండే ఉంటుంది. చూశారా, వాడిదీ రెండు చోట్ల ప్రయాణమే! ద్రాక్షారామంలో క్యూ. సామర్లకోట చేరేసరికి గుడి తలుపులు మూసేశారు. ఏం చేద్దాం, వెళ్ళిపోదామన్నారు కొందరు. అక్క ఒప్పుకోలేదు. ప్రాకారం బయట అరుగు మీద చీర కొంగు కప్పుకుని తెల్లవార్లూ కూర్చుంది. పొద్దున్నే తలుపులు తీయగానే దర్శనం చేసుకుని ఇంటికొచ్చింది. నేనుండబట్టలేక అడిగాను, "అక్కా, ఐదూ ఒక్క రోజులో చూడాలంటారు కదే, మంగళవారం అయిపోయింది కదా?" అని. "నిద్రపోతేనే కదరా రోజు మారేది, నేను కళ్ళు మూయలేదు" అంది. దీనికి ఏ పట్టికా లేదండి నా దగ్గర.

ఇక రకాలు. 1993లో లూ, క్రాంప్టన్, ఫెసెన్‌మేయర్ అనే ముగ్గురు ఇలాంటి ప్రయాణాలని ఐదు రూపాలుగా చెప్పారు. ఒక్కచోటికే వెళ్ళి రావడం ఒకటి. అసలు చోటికి పోతూ దారిలో ఆగడం ఒకటి, విశాఖపట్నం వెళ్తూ అన్నవరంలో ఆగుతామే, అది. మన ప్రాంతానికొచ్చాక ఇక్కడ గుండ్రంగా తిరిగి వెళ్ళేవాళ్ళు కొందరు, ఇంటి దగ్గర్నుంచే గొలుసుకట్టుగా పోయేవాళ్ళు కొందరు. వాటి మీద ఆగను. ఒకచోట మకాం పెట్టి రోజుకో వైపు వెళ్ళొచ్చే రూపం ఉంది చూశారూ, దాని దగ్గర మాత్రం కాసేపు ఆగాలి, ఎందుకంటే ఆ పెద్దమనుషులకి తెలియని మకాం ఒకటి మన దగ్గరుంది. అత్తారిల్లు!

సంక్రాంతికి కొత్త అల్లుడొస్తాడు. బస ఉచితం, భోజనం ఉచితం, కారు మామగారిది. అతనికి ఇంకో ఊరు చూడాలంటే అదనపు ఖర్చెంత? సున్నా. అందుకే రోజుకో ఊరు తిరుగుతాడు. ఖర్చు లేదా మరి? ఉంది, మామగారి పద్దులో. పైగా దానికి వేరే ధర ఉంది, ఏ చుట్టాలింటికి వెళ్ళి ఏ చుట్టాలింటికి వెళ్ళలేదన్న మాట పడాలి. మా బంధువులబ్బాయి ఒకడు ఇంత గొడవెందుకని భీమవరంలో రూము తీసుకుందామనుకున్నాడు. సంక్రాంతికి భీమవరంలో రూమా? ఎవరిస్తారండీ?

కలిసి వెళ్ళేవాళ్ళ ఇష్టాలు వేరవడం కూడా పెద్ద కారణం. అత్తగారికి గుడి, పిల్లలకి నీళ్ళు, అల్లుడికి, సీజనైతే, పులస. ఒక్క చోటు అందర్నీ తృప్తిపరచదు, నాలుగు చోట్లయితే ఎవరిది వాళ్ళకి. ఇంకోటి భయం. పాపికొండలు చూద్దామని వస్తారు, గోదారి పెరిగిందని బోట్లు ఆపేస్తారు. అదొక్కటే పెట్టుకున్నవాడు మొహం వేలాడేసుకుని పోతాడు. ధవళేశ్వరం బ్యారేజీ, కాటన్ మ్యూజియం, ర్యాలి గుడి కూడా రాసుకున్నవాడికి రోజు దక్కుతుంది.

ఏ వరసలో తిరగాలన్నది మరో చిక్కు. ఇంటినుంచి బయల్దేరి ఐదు చోట్లు చూసి ఇంటికి రావాలంటే ఎన్ని దారులు? నూట ఇరవై వరసలు, వెనకనుంచి తిరిగినా దూరం అదే కాబట్టి అరవై. పది చోట్లయితే? 18,14,400. దీన్ని ట్రావెలింగ్ సేల్స్‌మన్ సమస్య అంటారు, గణితంలో పేరుమోసిన మొండి సమస్య. మనమేం చేస్తాం? డ్రైవర్ని అడుగుతాం.

పైగా మన దగ్గర దూరాన్ని స్కేలు పెట్టి కొలవలేం. మధ్యలో గౌతమి, వైనతేయ, వశిష్ఠ ఉన్నాయి. నరసాపురం రేవులో నిలబడితే అవతల సఖినేటిపల్లి కనపడుతుంది, మనుషుల చొక్కా రంగులు కూడా తెలుస్తాయి. పంటెక్కితే నిమిషాల పని. పంటు లేకపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్యా అంతే కదా మాస్టారూ. మొన్న నేనూ దాటాను. రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిచిన పంటు. మోటారు సైకిళ్ళు ఒకదానికొకటి ఆనించి పెట్టారు. ఒకావిడ ఐనవిల్లి గణపతి ప్రసాదం పొట్లం ఒళ్ళో పెట్టుకుని పక్కావిడతో, "పదిన్నరకల్లా కోటిపల్లి, అక్కణ్ణుంచి ద్రాక్షారామం, మూడింటికి ఇంట్లో ఉంటాను" అంటోంది. ఆ దండకి దారం ఆ పంటే. వరదలొచ్చి పంటు ఆపేశారనుకోండి, ఐనవిల్లి అక్కడే ఉంది, ద్రాక్షారామం అక్కడే ఉంది, దండ మాత్రం తెగిపోయింది. కోటిపల్లిలో టీ కొట్టువాడు ఏ తప్పూ చెయ్యలేదు, టీలో నీళ్ళు కలపలేదు, అయినా బేరం పోయింది. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన వచ్చాక దీనికి ఎదురు జరిగింది. ఏ ఊరూ మారలేదు, కాకినాడకీ అమలాపురానికీ మధ్య ఉన్న చోట్లన్నీ ఒక్కసారిగా దారిలోవైపోయాయి.

ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది కూడా. 2025 ఆగస్టు 15 నుంచి మీకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు లేదు. మా వీధిలో నలుగురు వాడపల్లి వెంకన్నకి ఏడు శనివారాలు మొక్కుకున్నారు. ఇదివరకు వాడపల్లి వెళ్ళి రావడమే. ఇప్పుడు ఒక వారం ర్యాలి, ఒక వారం మందపల్లి కలుపుతున్నారు. ఒక బస్సు అదనంగా ఎక్కడానికి డబ్బు ఖర్చు లేదు, కాబట్టి దండ పొడుగైంది. మరి ఖర్చే లేదా? రావులపాలెం బస్టాండులో బస్సు కోసం కూర్చున్న గంటన్నర ఎవరిస్తారు? ధర సున్నా అయితే ఇక మిగిలేది టైము, మోకాళ్ళ నొప్పులు. భర్త కూడా వస్తే ఆయనకి టికెట్టు ఉంది, అందుకే నలుగురాడవాళ్ళూ కలిసి వెళ్తున్నారు, ఆయన ఇంటి దగ్గర అన్నం తనే వడ్డించుకుంటున్నాడు.

చివరిగా ఒక్క మాట, ఇది పంచాయతీవాళ్ళు వినాలి. దండలో అన్ని ఊళ్ళకీ డబ్బు ఒకేలా రాదు. రాత్రి ఎక్కడ పడుకుంటే డబ్బు అక్కడ పడుతుంది. ఒక్కరోజు పంచారామాల వ్యాను ఎక్కడా పడుకోదు. అరటి దొప్పలు, నీళ్ళ సీసాలు ఐదు ఊళ్ళలోనూ వదిలేసి పోతుంది. పాలకొల్లు గుడి దగ్గర మజ్జిగ అమ్మే ఆవిడ నాతో అంది, "దీపాలన్నీ అమరావతిలోనే కొనేసుకుంటారండి, నా దగ్గరికొచ్చేసరికి దాహం మాత్రం మిగులుతుంది" అని. అందుకే ఆవిడ వత్తులు మానేసి మజ్జిగ పెట్టుకుంది. నేను ముప్ఫై ఏళ్ళు చెప్పిన పాఠం ఆవిడ రెండు సోమవారాల్లో నేర్చుకుంది.

మనుషుల లెక్క కూడా జాగ్రత్త. ఐదు గుళ్ళవాళ్ళూ తమ దగ్గరికొచ్చిన భక్తుల సంఖ్య చెబుతారు. ఐదూ కూడితే మా అక్క ఒక్కత్తే ఐదుగురు. ప్రభుత్వ పర్యాటక లెక్కల్లో ఉండేవి కూడా రాకలే, తలకాయలు కావు. 2027లో పుష్కరాలొస్తున్నాయి. రాజమండ్రిలో మునిగినాయన కోటిపల్లిలో మునుగుతాడు, ఓపికుంటే అంతర్వేది సంగమంలోనూ మునుగుతాడు. మరుగుదొడ్లు కట్టాలంటే ఆయన్ని మూడుసార్లు లెక్కపెట్టాలి. రూములు కట్టాలంటే ఒక్కసారే లెక్కపెట్టాలి. ఈ రెండు లెక్కల్నీ కలిపేసి అన్ని కోట్ల వ్యాపారం, ఇన్ని కోట్ల వ్యాపారం అని చెబుతుంటే నాకు టెన్షన్ వస్తుంది.

ప్రశ్న ఏదో అడుగుతున్నారు. గట్టిగా అడగండి. "మా ఊళ్ళో కాలవ గట్టున పార్కు కట్టాలా వద్దా?" అనా? ఊరికే చెప్పలేనండి. మీ ఊరు ఏ దండలో ఉందో ముందు చూడండి. ఒక నాలుగు ఆదివారాలు రోడ్డు మీద ఆగిన కార్లవాళ్ళని రెండే అడగండి. ఇంతకుముందు ఎక్కడ ఆగారు, ఇక్కణ్ణుంచి ఎక్కడికెళ్తున్నారు. ఎందుకొచ్చారని మాత్రం అడక్కండి, అందరూ దేవుడి కోసమనే చెబుతారు. వాళ్ళు ముందు ఆగిన చోట పార్కుంటే మీరు రెండో కాజా పెట్టినట్టు. ముందు చోట నీడ లేదు, మంచినీళ్ళు లేవు, చంటిపిల్లకి పాలిచ్చే చోటు లేదు అంటే, రెండు బెంచీలు, ఒక గది చాలు.

మాస్టారు లేస్తున్నారు, చివరి పంటు పోతుందని. వెళ్ళండి, వెళ్ళండి, చుట్టు తిరిగి వెళ్ళాలంటే రాత్రవుతుంది. కళ్ళజోడు తీసుకున్నారా? షాపువాడు రేపు రమ్మన్నాడా? అయితే రేపు ఇంకో రెండు పనులు కూడా చూసుకుని రండి.